శ్రీలంక చారిత్రక స్థలాలకు గుంపుగా నడిచి వెళ్లాలంటే: ప్లాన్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

సిగిరియా, పిదురంగల, మిహింతలే, రితిగల లాంటి చోట్లకు పది, పదిహేను మంది కలిసి వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని నీళ్లు మోయాలి, ఎవరైనా మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్నలకు వరసగా జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఈ స్థలాల చరిత్ర జోలికి పోవడం లేదు.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. ఇది మామూలు ట్రెక్ కాదు. పైకి చేరాక మనుషుల్లో చుట్టూ చూసే ఓపిక మిగలాలి. చెమటతో తడిసి, దాహంతో నాలుక పిడచగట్టి, ఎప్పుడు దిగుదామా అనుకునే మనిషికి వెయ్యేళ్ల నాటి రాతి చెక్కడం కనబడదు. కింద చెప్పిన సమయాలు, నీళ్ల లెక్కలు, విరామాలు అన్నీ ఆ ఓపిక మిగల్చడం కోసమే.

## 1. ముందు స్థలం, తర్వాత జనం

సాధారణంగా తలకిందులుగా జరుగుతుంది. ముందు ఇరవై మంది "మేమొస్తాం" అంటారు, తర్వాత స్థలం వెతుకుతారు. అప్పుడు ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరికి అది మించిన పని అవుతుంది. స్థలం ఖాయం చేసి, అది ఎంత కష్టమో వివరంగా చెప్పి, ఆ తర్వాతే పేర్లు తీసుకోండి.

స్థలం ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు చాలు. మీ గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి దాన్ని హాయిగా చేయగలరా? మధ్యలో ఎవరైనా ఆగిపోతే, క్షేమంగా కూర్చోవడానికో వెనక్కి వెళ్లడానికో వీలుందా?

మిహింతలే. కొత్త గుంపు ఇక్కడితో మొదలుపెట్టడం మంచిది. మొత్తం 1,840 మెట్లు అని వింటే భయం వేస్తుంది. కానీ అవి వెడల్పైన రాతి మెట్లు, ఎత్తు తక్కువ, చాలా దూరం చెట్ల నీడ ఉంటుంది. సగం దూరం దాకా వాహనం వెళ్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు వాహనంలో అక్కడిదాకా వచ్చి కలవచ్చు. చివర్లో ఆరాధన గల అనే బండ మాత్రం నిటారుగా ఉంటుంది. ఇనుప కమ్మీలు పట్టుకుని ఎక్కాలి, పైన గాలి గట్టిగా కొడుతుంది. అది ఎక్కకపోయినా ఏమీ కోల్పోరు.

సిగిరియా. సుమారు 1,200 మెట్లు. చుట్టూ ఉన్న నేల కంటే దాదాపు 180 మీటర్లు పైకి లేచిన బండ. దీని కష్టం కాళ్లలో కన్నా కళ్లలో ఎక్కువ: బండ పక్కన బిగించిన ఇనుప మెట్ల మీద నడుస్తుంటే కింద లోయ కనిపిస్తుంది. ఎత్తంటే భయపడేవాళ్లు సింహపాదాల దగ్గరి తిన్నె మీద ఆగిపోవచ్చు. అప్పటికే నీటి తోటలు, అద్దంలా నునుపు చేసిన అద్దపు గోడ, కుడ్యచిత్రాలు చూసేసి ఉంటారు కాబట్టి బాధపడక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పి ఉంచితే సిగ్గుపడి పైకి వచ్చేవాళ్లు తగ్గుతారు.

పిదురంగల. సిగిరియాకు ఎదురుగా ఉన్న బండ. ఎక్కడానికి అరగంట నుంచి ముప్పావు గంట. చిన్నదే కదా అని చులకనగా చూస్తారు కానీ, చివరి భాగంలో పెద్ద బండరాళ్ల మధ్య చేతులతో పట్టుకుని పాకాలి. అక్కడ ఒక్కొక్కరే వెళ్లగలరు. పన్నెండు మంది గుంపుకు ఆ కొద్ది దూరమే పావుగంట దాటుతుంది. చిన్నపిల్లలు, తుంటి లేదా మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే ఇది వద్దు.

రితిగల. దట్టమైన అడవిలో ఆశ్రమ శిథిలాలు. రాతి బాట సులువుగానే ఎక్కుతుంది, నింపాదిగా చూస్తే గంటన్నర నుంచి రెండు గంటలు. వాన పడితే మాత్రం రాళ్ల మీద పాచి, బాట నిండా జలగలు. సందర్శకులకు అనుమతి ఆశ్రమ శిథిలాల వరకే. శిఖరం కఠిన ప్రకృతి రక్షిత ప్రాంతంలో ఉంది, అటు వెళ్లకూడదు. చుట్టుపక్కల ఏనుగులు తిరుగుతాయి కాబట్టి తెల్లవారకముందు, చీకటి పడ్డాక ఆ దారిలో ఉండకూడదు.

శ్రీ పాద. ఇది 2,243 మీటర్ల శిఖరం, ఐదు వేలకు పైగా మెట్లు, చాలామంది రాత్రి రెండు గంటలకు మొదలుపెట్టి సూర్యోదయానికి పైకి చేరతారు. కలిసి నడిచిన అనుభవం లేని గుంపు దీనితో మొదలుపెట్టకండి. మిహింతలే, సిగిరియా కలిసి చేశాక ఒకరి నడక ఒకరికి తెలుస్తుంది, అప్పుడు దీని గురించి ఆలోచించవచ్చు.

## 2. నెల, రోజు, గంట

శ్రీలంకలో వాన రెండు వైపుల నుంచి వస్తుంది. నైరుతి రుతుపవనాలు మే నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ, పశ్చిమ ప్రాంతాలను, కొండ ప్రాంతాన్ని తడుపుతాయి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తర, తూర్పు ప్రాంతాలకు వానలు తెస్తాయి. మధ్యలో మార్చి, ఏప్రిల్, మళ్లీ అక్టోబర్, నవంబర్ నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు పడతాయి.

సిగిరియా, మిహింతలే, రితిగల పొడి ప్రాంతంలో ఉన్నాయి. అక్టోబర్ నుంచి జనవరి మొదటి వారాల దాకా తప్పిస్తే మిగతా నెలల్లో వెళ్లవచ్చు. ఏప్రిల్‌లో ఎండ భరించడం కష్టం. శ్రీ పాద సీజన్ డిసెంబర్ పౌర్ణమి నుంచి మే నెల వెసాక్ పౌర్ణమి దాకా. ఆ సీజన్‌లో దారి పొడవునా దీపాలు వెలుగుతాయి, టీ దుకాణాలు ఉంటాయి. సీజన్ కాని రోజుల్లో వాన, గాలి, చీకటి మూడూ కలుస్తాయి.

ప్రతి పౌర్ణమి అక్కడ పోయ అనే సెలవు రోజు. భక్తులు వేలల్లో వస్తారు. జూన్‌లో వచ్చే పోసోన్ పౌర్ణమికి మిహింతలే మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. పండుగ చూడాలనుకుంటే తప్పకుండా వెళ్లండి, అది అద్భుతంగా ఉంటుంది. గుంపును ఒకచోట ఉంచి శిథిలాలు చూపించాలంటే మాత్రం వేరే రోజు పెట్టుకోండి. తేదీ ఖాయం చేసే ముందు పోయ క్యాలెండర్ చూడటం అలవాటు చేసుకోండి.

ఇక గంటల లెక్క. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా సూర్యోదయం ఉదయం 6 ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంత్రం 6 ప్రాంతంలో. సంధ్యవెలుగు ఎక్కువసేపు ఉండదు, సూర్యుడు దిగాక పాతిక నిమిషాల్లో చీకటి కమ్మేస్తుంది.

సమయాన్ని వెనక నుంచి లెక్కపెట్టండి:

- పొద్దున 10:30 కల్లా అందరూ కిందికి దిగి నీడలో ఉండాలి. ఇది మొదటి లెక్క.
- దిగడానికి పట్టే సమయం అందులోంచి తీసేయండి.
- పైన చూడటానికి కనీసం ముప్పావు గంట తీసేయండి. దీన్ని ఎట్టి పరిస్థితిలో కోయకండి.
- ఎక్కడానికి మీ ఒక్కరికి ఎంత పడుతుందో దానికి ఒకటిన్నర రెట్లు తీసేయండి. గుంపు అంతే నడుస్తుంది.
- మిగిలేదే మొదలుపెట్టాల్సిన సమయం.

సిగిరియాకు ఈ లెక్క వేస్తే పొద్దున ఆరున్నర ప్రాంతంలో గేటు లోపల ఉండాలి. "అంత పొద్దున్నేనా?" అని అందరూ అంటారు. ఒప్పుకోకండి. ఎనిమిది దాటాక ఇనుప మెట్ల మీద క్యూ మొదలవుతుంది, ఆ క్యూలో నీడ ఉండదు.

సాయంత్రం సూర్యాస్తమయం చూడటానికి వెళ్లడం నలుగురికి బాగుంటుంది. పన్నెండు మందికి వద్దు. పిదురంగల బండరాళ్ల మధ్య టార్చి వెలుతురులో గుంపును దింపడం అంటే టెన్షన్ కొనితెచ్చుకోవడమే.

## 3. ఎంతమంది, ఎవరు ఏం చేయాలి

పది, పన్నెండు మంది సరైన సంఖ్య. పదిహేను దాటితే రెండు గుంపులు చేసి, ఇరవై నిమిషాల తేడాతో పంపండి. పెద్ద గుంపు ఇరుకు మెట్ల మీద ఆగితే వెనక వచ్చేవాళ్ల దారి మూసుకుపోతుంది.

నాలుగు పనులు నలుగురికి పంచండి.

ముందు నడిచే మనిషి. దారి తెలిసినవాళ్లు. అందరికన్నా వేగంగా నడిచేవాళ్లను ముందు పెట్టడం చాలా గుంపుల్లో జరిగే పొరపాటు. ముందు మనిషి నెమ్మదిగా నడిస్తేనే గుంపు తెగిపోదు.

చివరి మనిషి. ఓపిక ఉన్నవాళ్లు, శరీరం గట్టిగా ఉన్నవాళ్లు. తన వెనక ఎవరూ ఉండకూడదు. ఫొటోకి ఆగినవాళ్లను కూడా తన ముందు నడిపించాలి. నన్నడిగితే నాయకుడి కన్నా ఈ మనిషిని ఎంచుకోవడమే ముఖ్యం.

మందుల పెట్టె మోసే మనిషి. పెట్టెలో ఏముందో తెలిసినవాళ్లు, వరుస మధ్యలో నడవాలి.

చెప్పే మనిషి. స్థలం గురించి ముందే చదువుకుని, ఆగిన చోట ఐదు నిమిషాలు చెప్పేవాళ్లు. నడుస్తూ చెప్పడం కుదరదు, వెనక ఉన్నవాళ్లకు వినబడదు. స్థానిక గైడ్‌ని పెట్టుకుంటే ఈ పని వాళ్లకు వదిలేయండి. రితిగలలో గైడ్ ఉండటం చాలా మేలు, లేకపోతే అక్కడి జంట వేదికలు ఉత్త రాళ్లలాగే కనిపిస్తాయి.

పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరినీ విడిగా, నలుగురిలో కాకుండా, ఇవి అడగండి:

- గుండె, ఉబ్బసం, షుగర్, బీపీ, మూర్ఛ లాంటివి ఉన్నాయా? మందులు వెంట తెస్తున్నారా?
- తేనెటీగలు, కందిరీగలు కుడితే అలర్జీ ఉందా?
- ఎత్తు భయమా?
- ఇటీవల ఆపకుండా గంటసేపు మెట్లో కొండో ఎక్కారా?
- అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?

అలర్జీ ప్రశ్నను ఎప్పుడూ దాటవేయకండి. సిగిరియా బండకు పెద్ద తేనెపట్టులు ఉంటాయి, అవి లేచిన రోజులు గతంలో చాలా ఉన్నాయి.

## 4. ముందు రోజు పనులు

- గేటు తెరిచే సమయం, టికెట్ ధర ఫోన్ చేసో ఆన్‌లైన్‌లోనో కనుక్కోండి. ధరలు మారుతూ ఉంటాయి.
- విదేశీయులకు, స్థానికులకు టికెట్ ధర వేరు. సిగిరియాలో సార్క్ దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు తగ్గింపు ఉంటుంది, అందుకు పాస్‌పోర్టు చూపించాలి. అందరికీ గుర్తుచేయండి.
- చిల్లర శ్రీలంక రూపాయలు దగ్గర పెట్టుకోండి. చిన్న స్థలాల్లో కార్డు పనిచేస్తుందని నమ్ముకోకండి.
- డ్రోన్ ఎగరేయాలంటే పౌర విమానయాన అధికారుల అనుమతి, ఆ స్థలం చూసే శాఖ అనుమతి రెండూ కావాలి. లేకపోతే డ్రోన్ గదిలోనే వదిలేయండి.
- దారి మ్యాపును ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి. రితిగల అడవిలో సిగ్నల్ మీద ఆధారపడకూడదు.
- వాన సూచన చూడండి. ముందు రాత్రి గట్టిగా వాన పడితే రితిగల, పిదురంగల రెండూ వాయిదా వేసి, బదులుగా మిహింతలే వెళ్లండి. బదులు స్థలం ముందే అనుకుని ఉంచుకుంటే పొద్దున్నే వాదనలు ఉండవు.
- ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఆ సమయం దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అనేది బస చేసిన చోట ఒకరికి రాసి ఇవ్వండి.

చివరగా వెనుదిరిగే సమయం రాసుకోండి. ఉదాహరణకు "9:15 అయితే ఎక్కడున్నా వెనక్కి తిరుగుతాం" అని. ముందు రోజు ప్రశాంతంగా ఉన్నప్పుడు పెట్టుకున్న సమయమే సరైనది. శిఖరం కనిపిస్తుండగా తీసుకునే నిర్ణయం ఆశతో తీసుకునేది.

## 5. సంచిలో ఏముండాలి

ఒక్కొక్కరికి:

- నీళ్లు: గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు లెక్కన. సిగిరియాకు రెండు లీటర్లు తక్కువ కాదు.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. చెమటతో ఉప్పు పోతుంటే ఒట్టి నీళ్లే తాగుతూ పోవడం కూడా మంచిది కాదు.
- ఉప్పగా ఉండే తిండి, అరటిపళ్లు. పళ్లను సంచిలో మూసి ఉంచండి, కోతులు చేతిలోంచి లాక్కుంటాయి.
- భుజాలు, మోకాళ్లు కప్పే పలచని నూలు బట్టలు.
- జారకుండా పట్టు ఇచ్చే బూట్లు, తేలిగ్గా విప్పి వేసుకునేవి. ఎందుకో 8వ భాగంలో చెప్తాను.
- అదనపు సాక్సుల జత.
- టోపీ, పలచని రెయిన్‌కోటు. మెట్ల మీద గొడుగు అడ్డం.
- హెడ్‌ల్యాంప్, పగటి నడకకైనా సరే. శ్రీ పాదకైతే అదనపు బ్యాటరీలు కూడా.
- దోమల మందు, రితిగలకు లీచ్ సాక్స్ (జలగలు కాలికి పట్టకుండా ఆపే పొడవాటి మేజోళ్లు).
- శ్రీ పాదకు వెచ్చటి జాకెట్. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన కూర్చోగానే వణుకు పుడుతుంది. జాకెట్‌ను సంచిలో ఉంచి పైకి వెళ్లాక వేసుకోండి.

గుంపు మొత్తానికి:

- మందుల పెట్టె: బ్యాండేజీ, క్రేప్ బ్యాండేజీ, యాంటిసెప్టిక్, పారాసిటమాల్, అలర్జీ మాత్రలు, చిన్న కత్తెర, చేతి తొడుగులు.
- పవర్ బ్యాంక్, విజిల్స్ రెండు.
- చెత్త సంచి.
- అదనంగా మూడు లీటర్ల నీళ్లు, పంచి మోయాలి.

కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకుని రాకుండా చూడండి. పుండు పడిన మడమతో దిగే మనిషి గుంపు మొత్తాన్ని గంట వెనక్కి లాగుతారు.

## 6. బయలుదేరే చోట పావుగంట

ఈ పావుగంట ఎగ్గొట్టే గుంపులే తర్వాత తిప్పలు పడతాయి. వరసగా చేయండి:

1. తల లెక్క. సంఖ్య గట్టిగా చెప్పండి, అందరికీ గుర్తుండాలి.
2. ముందు మనిషి, చివరి మనిషి ఎవరో చూపించండి.
3. నియమాలు మూడే చెప్పండి: ముందు మనిషిని దాటకూడదు, దారి చీలిన ప్రతి చోటా ఆగాలి, చెప్పకుండా పక్కకు వెళ్లకూడదు.
4. వెనుదిరిగే సమయం చెప్పండి.
5. మధ్యలో ఎక్కడ ఆగిపోవచ్చో చెప్పండి.
6. అందరి నీళ్ల సీసాలు చూడండి. అడిగితే "ఉన్నాయి" అంటారు, కళ్లతో చూస్తే సగం సీసా కనిపిస్తుంది.
7. మరుగుదొడ్డికి ఇక్కడే వెళ్లి రండి. పైన సౌకర్యాలు ఉంటాయని నమ్ముకోకండి.

## 7. నడక

మొదటి ఇరవై నిమిషాలు కావాలని నెమ్మదిగా నడవండి. తేమ ఎక్కువ ఉన్న గాలిలో చెమట ఆరదు, కాబట్టి ఒళ్లు చల్లబడదు. చలి దేశాల్లో వేగంగా నడిచి అలవాటున్నవాళ్లు కూడా ఇక్కడ మొదటి అరగంటలోనే అలిసిపోతారు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. రెండు మాటలకే ఊపిరి ఆగుతుంటే వేగం తగ్గించాలి.

ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు ఒక విరామం. ఇక్కడ దాదాపు అన్ని గుంపులూ చేసే అన్యాయం ఒకటుంది. ముందు వచ్చినవాళ్లు ఐదు నిమిషాలు కూర్చుంటారు, చివరివాళ్లు చేరగానే "పదండి" అని లేస్తారు. అసలు విశ్రాంతి కావలసింది వాళ్లకే, దొరకనిదీ వాళ్లకే. విరామం చివరి మనిషి కూర్చున్నప్పటి నుంచి లెక్కపెట్టండి.

విరామాల్ని చూడదగ్గ చోట పెట్టండి. మిహింతలేలో మొదటి మెట్ల వరుస తర్వాత కంటక చేతియ అనే స్తూపం వైపు మళ్లితే జనం తక్కువ, చెక్కడాలున్న వేదికలు దగ్గరగా చూడవచ్చు. ఆ పైన భోజనశాల శిథిలాల్లో అన్నం పోసిన రాతి తొట్టి ఉంటుంది. సిగిరియాలో నీటి తోటల దగ్గర, తర్వాత బండరాళ్ల తోటలో ఆగండి. రితిగలలో బందా పొకున అనే పెద్ద కోనేరు దగ్గర మొదట ఆగి, తర్వాత రాతి బాట మీది గుండ్రటి వేదిక దగ్గర ఆగండి. విశ్రాంతి, చూడటం ఒకేసారి అయిపోతాయి.

ఇరుకు మెట్ల మీద ఆగకండి. ఫొటో కావాలంటే తిన్నె వచ్చేదాకా ఆగాలి.

సిగిరియాలో తేనెపట్టుల దగ్గర నిశ్శబ్దంగా నడవమని బోర్డులుంటాయి. అవి మర్యాద కోసం పెట్టినవి కావు. అరుపులు, స్పీకర్ పాటలు అసలు వద్దు. గాఢమైన సెంటు కూడా ఆ రోజుకు మానేయమనండి.

తల లెక్క ప్రతి విరామంలో, ప్రతి గేటు దగ్గర. విసుగనిపించినా మానకండి.

## 8. శిథిలాల మధ్య ఎలా మసలాలి

చాలా చోట్ల ఇవి పూజలు జరిగే స్థలాలు. చెప్పులు, బూట్లు, టోపీ తీసి వెళ్లాలి. మిహింతలేలో అంబస్థల స్తూపం దగ్గర బూట్లు విప్పాక రాతి నేల మీద నడవాలి. పది దాటితే ఆ నేల అరికాళ్లను కాల్చేస్తుంది. అదనపు సాక్సులు అందుకే. సులువుగా విప్పే బూట్లు కూడా అందుకే: పన్నెండు మంది లేసులు విప్పి కట్టుకోవడానికి పట్టే సమయం మీ టైమ్‌టేబుల్‌ని తినేస్తుంది.

గుంపుకు ముందే చెప్పాల్సినవి:

- బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. సెల్ఫీ కూడా అదే కిందికి వస్తుంది. విగ్రహం మీద ఎక్కడం, ముట్టుకుని ఫోజులివ్వడం నేరంగా చూస్తారు. 2012లో బుద్ధ విగ్రహాన్ని ముద్దుపెట్టుకుంటున్నట్టు ఫొటోలు దిగిన ఫ్రెంచ్ పర్యాటకులకు కోర్టు శిక్ష వేసింది.
- బుద్ధుడి బొమ్మ పచ్చబొట్టు ఉంటే కప్పుకోవాలి. 2014లో ఆ కారణంగా ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని దేశం నుంచి పంపేశారు.
- సిగిరియా కుడ్యచిత్రాల దగ్గర ఫొటోలు నిషేధం. ఫోన్ జేబులో పెట్టించండి.
- అద్దపు గోడను ముట్టుకోకూడదు. పాత సందర్శకులు దాని మీద రాసిన పద్యాలు ఇప్పుడు పురావస్తు సంపద. వాటి పక్కన మన పేరు రాస్తే నేరం. 2015లో పేరు గీకిన ఒక యువతికి రెండేళ్ల జైలు శిక్ష పడింది, తర్వాత అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టారు.
- ఇటుక గోడల అంచుల మీద కూర్చోకూడదు, నడవకూడదు. ఒక్క మనిషి బరువుకు ఏమీ కాదనిపిస్తుంది. రోజూ వందలమంది అలాగే అనుకుంటే ఇటుక వదులవుతుంది.
- రాయి ముక్క, ఇటుక పెంకు ఏదీ జేబులో వేసుకోకూడదు.
- చంద్రశిలలు (గుమ్మం ముందు ఉండే అర్ధచంద్రాకారపు చెక్కిన రాళ్లు), చెక్కిన మెట్లు ఉన్నచోట పక్క దారి ఉంటే దాన్నే వాడండి.

పైకి చేరాక నా సలహా ఇది. మొదటి పది నిమిషాలు నీళ్లు, ఫొటోలు. తర్వాత అందరూ ఒకచోట కూర్చుని చెప్పే మనిషి మాట పది నిమిషాలు వినాలి. ఆ తర్వాత ఇరవై ఐదు నిమిషాలు ఎవరికి వారు, ఇద్దరిద్దరుగా తిరిగి, చెప్పిన చోటికి రావాలి. సిగిరియా పైన పునాదుల మధ్య తిరుగుతూ ఏది గది, ఏది దారి, నీళ్లు ఎటు పారేవి అని ఊహించుకోవడానికి ఆ పాతిక నిమిషాలు కావాలి. గైడ్ వెంట బారులు తీరి తిరిగితే ఆ ఆనందం దొరకదు.

## 9. దిగడం

దిగేటప్పుడు అందరూ మాటల్లో పడతారు, కాళ్లు అలిసి ఉంటాయి, మోకాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది. కాలు జారేది ఎక్కువగా ఇక్కడే.

దిగే ముందు అందరూ నీళ్లు తాగి, బూట్ల లేసులు గట్టిగా కట్టుకోవాలి. ఫోన్లు సంచిలోకి. నొప్పి ఉన్నవాళ్లు ముందు మనిషి వెనకే నడవాలి, అప్పుడు వాళ్ల వేగమే గుంపు వేగం అవుతుంది. నిటారు మెట్ల మీద కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి దిగితే మోకాలికి సుఖం. పిదురంగల బండల దగ్గర కూర్చుని జారడం సిగ్గుపడే పని కాదు, సరైన పద్ధతే.

## 10. ఏదైనా తేడా వస్తే

అంబులెన్సుకు 1990, పోలీసులకు 119. ఈ రెండు నంబర్లు ప్రతి ఫోన్‌లో ముందే ఉండాలి.

వడదెబ్బ. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, విపరీతమైన చెమట మొదటి గుర్తులు. నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తుగా పెట్టి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి, బట్టలు తడిపి విసరండి. అరగంటలో తేరుకున్నా ఆ మనిషి ఇక పైకి వెళ్లకూడదు. మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా, స్పృహ తప్పుతున్నా అది ప్రాణాపాయం. ఒళ్లంతా నీళ్లు పోసి చల్లబరుస్తూనే అంబులెన్సుకు ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

తేనెటీగలు లేస్తే. చేతులు ఊపకండి. ముఖం కప్పుకుని, వీలైనంత వేగంగా దూరం వెళ్లండి. మెట్ల మీద మాత్రం కమ్మీ వదలకండి. ముళ్లను గోరుతో గీకి వెంటనే తీసేయండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

పాము కాటు. కాటు వేసిన చోట కోయకూడదు, పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. పామును పట్టుకునే ప్రయత్నం వద్దు.

జలగలు. గోరుతో పక్కకు తోసి వదిలించండి, కాల్చకండి. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతుంది కాబట్టి కాసేపు కారుతుంది, కంగారు పడక్కర్లేదు. కడిగి, దూది పెట్టి నొక్కండి.

ఉరుములు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లు కూడా లేకపోతే బండ పైన ఉండకూడదు, వెంటనే దిగాలి. ఇనుప కమ్మీలకు, ఒంటరి చెట్లకు దూరంగా ఉండండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకండి.

మనిషి కనబడకపోతే. గుంపును ఒకచోట కూర్చోబెట్టండి. చివరిసారి లెక్క సరిపోయిన చోటిదాకా ఇద్దరు విజిల్ వేసుకుంటూ వెళ్లాలి. అందరూ తలో దిక్కు వెతకడానికి పోతే తప్పిపోయేవాళ్లు పెరుగుతారు. పావుగంటలో దొరకకపోతే గేటు దగ్గరి సిబ్బందికి చెప్పండి.

ఏనుగు కనిపిస్తే. ఫొటో కోసం ఆగకుండా నిశ్శబ్దంగా వెనక్కి వెళ్లండి. వాహనంలో ఉంటే దిగకండి, తిండి విసరకండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే పద్ధతి

ఒకే రోజు మూడు స్థలాలు. పొద్దున పిదురంగల, తర్వాత సిగిరియా, సాయంత్రం దంబుల్లా గుహాలయం అని రాసుకుంటారు. మూడో చోటికి వచ్చేసరికి ఎవరూ తలెత్తి పైకప్పు బొమ్మలు చూడరు. రోజుకు ఒక ఎక్కడం, దానికి తోడు సాయంత్రం నడక అవసరంలేని ఒక చోటు, అంతే.

పైకి వెళ్లడమే గెలుపు అనుకోవడం. ఒకరు ఆగిపోతానంటే "ఇంకొంచెమే" అని నెట్టుకుపోతారు. తోడుగా ఒకరిని ఉంచి అక్కడే ఆగనివ్వండి. ఒంటరిగా మాత్రం వదలకండి.

టిఫిన్ మానేసి బయలుదేరడం. అంత పొద్దున్నే తినలేమంటారు. ఒక అరటిపండు, రెండు బిస్కెట్లు అయినా తినిపించండి. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో అసలు రాజీ పడకండి.

ఆలస్యంగా మొదలై, అదే టైమ్‌టేబుల్ పట్టుకోవడం. గంట ఆలస్యమైతే చూసే సమయం కోసేస్తారు. బదులుగా ఎక్కే దూరం తగ్గించండి. సిగిరియాలో సింహపాదాల దాకా, మిహింతలేలో కంటక చేతియ దాకా వెళ్లి నింపాదిగా చూసి దిగితే ఆ రోజు వృథా కాదు.

దాహం వేసినప్పుడే తాగడం. విరామం రాగానే అందరూ నాలుగు గుక్కలు తాగాలని నియమం పెట్టండి.

## 12. కిందికి వచ్చాక

- వాహనం ఎక్కే ముందు చివరి తల లెక్క.
- ఒంటి మీద, సాక్సుల్లో జలగలు, పిడుదులు ఉన్నాయేమో చూసుకోవడం.
- చెత్త సంచి వెంట తీసుకెళ్లడం. ప్లాస్టిక్ సీసాలు గేటు దగ్గర వదలకండి, కోతులు లాగి అడవిలో పడేస్తాయి.
- బస చేసిన చోట "తిరిగొచ్చాం" అని చెప్పడం.
- ఎక్కడానికి, చూడటానికి, దిగడానికి నిజంగా ఎంత పట్టిందో, ఎన్ని నీళ్లు మిగిలాయో, ఎవరు ఎక్కడ అలిసిపోయారో అదే సాయంత్రం రాసిపెట్టుకోవడం. వచ్చే నడకకు ఒకటిన్నర రెట్ల లెక్క బదులు మీ గుంపు సొంత లెక్క వాడుకోవచ్చు.